నాలుగు ముక్కల నవల

లడాయి రోజుల్లో నారాయణపేట సాలోళ్ల వాడలో మగ్గాల చప్పుడు పొద్దు నడినెత్తికి రాకముందే ఆగిపోయేది. నూలు మీద కంట్రోలు పెట్టారు. సర్కారు ఇచ్చిన నూలు పొద్దటిపూట పనికే చాలేది కాదు. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో తోచక మగవాళ్లు అరుగుల మీద కూర్చుని జర్మనీవాడిని తిట్టేవాళ్లు. ఆడవాళ్లు తుడిచిన రాట్నాన్నే మళ్లీ తుడిచేవాళ్లు.

అట్లాంటి రోజుల్లోనే ఆ వాడకు కొత్తగా కోడలై వచ్చిన అండాలును చూడను ఆమె అన్న యాదయ్య పాలమూరు నుంచి వచ్చాడు. అతను అక్కడొక బట్టల షావుకారు దగ్గర గుమాస్తా. అంగడి నాడు చీరలు ఏరుకుని పోవడానికి వస్తుంటాడు. ఈసారి చంకలో ఒక లావుపాటి నవల పెట్టుకొచ్చాడు.

"చెల్లె, ఇది మా రీడింగు రూముది. నా పేరు మీద రాయించుకొని తెచ్చిన. మళ్ల వచ్చినప్పుడు తీస్కపోత, అందాంక చదువుకో. జర భద్రం," అన్నాడు.

అండాలు కొంగుతో చేతులు తుడుచుకుని దాన్ని అందుకుంది. పుట్టింట్లో ఉన్నప్పుడు అన్నతో పాటు ఆమెనూ పంతులు ముందు కూర్చోబెట్టి వాళ్ల నాయిన చదువు చెప్పించాడు. కానీ అత్తగారింటికి వచ్చి ఏడాది దాటినా, నూలు కట్టల మీద అంటించిన కాగితాలు తప్ప ఆమె కంటికి అక్షరం అన్నది ఆనలేదు. మధ్యలో ఎక్కడో పుస్తకం తెరిచింది. "ఆమె ఓడ వెళ్లిన దిక్కు చూస్తూ నిలబడెను" అని ఉంది. ఎవరామె? ఆ ఓడలో ఎవరున్నారు? ఇంతలో వెనక నుంచి అత్త గొంతు వినబడింది. అండాలు చటుక్కున పుస్తకం మూసింది.

"ఏందది?"

అత్త నర్సింగమ్మ చెడ్డ మనిషి కాదు. మొగుడు పోయినా ఒంటి చేత్తో కొడుకును పెంచి, మగ్గాన్ని నిలబెట్టింది. వాడలో ఆమె అంత నున్నగా నూలు కండెలు చుట్టేవాళ్లు లేరు. గొంతు ఒక్కటే ఇబ్బంది. "తిన్నవా?" అని అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉండేది. అండాలుకు ఇంకా ఆ గొంతు అలవాటు కాలేదు.

"పుస్తకం, అత్తా."

"పుస్తకమని కనబడ్తలేదా నాకు? పనయినంక చదువుకో. పొయ్యి మీది అన్నం మాడితే మాత్రం ఊకోను."

చదువుకోమంటుందని అండాలు అనుకోలేదు. ఆ సంతోషంలో ఆ పూట అన్నం నిజంగానే మాడింది.

మర్నాటికల్లా వాడలో సగం మందికి పుస్తకం సంగతి తెలిసింది. పక్కింటి సత్తమ్మ ముందుగా వచ్చింది. ఆమె మొగుడు బతికున్నప్పుడు భజనల్లో పాడేవాడు. అతనే ఆమెకు అక్షరాలు నేర్పాడు. ఆమె వెనకే రంగులద్దే మైసయ్య వచ్చాడు. నూలుకు రంగు వేసీ వేసీ ఆయన వేళ్లు ఎప్పుడూ ఎర్రగానో నీలంగానో ఉండేవి. ఇంట్లో అండాలు మొగుడు దశరథం ఉండనే ఉన్నాడు. సర్కారీ బడిలో ఉర్దూ చదివాడు గానీ, తెలుగు మాత్రం పెళ్లయ్యాక పెళ్లాం దగ్గరే గుట్టుగా నేర్చుకుంటున్నాడు.

"ముందుగాల నాకియ్యి పిల్లా, రెండు రోజులల్ల ఇచ్చేస్త," అని సత్తమ్మ పుస్తకం ఒక కొస పట్టుకుంది.

"రంగుల పని సగం బందయి నేనే ఖాళీగున్న. నాకియ్యి," అని మైసయ్య రెండో కొస పట్టుకున్నాడు.

పాత పుస్తకం. కుట్టు ఎప్పుడో వదులయింది. ఇద్దరూ చెరో దిక్కు గుంజేసరికి దారం పుటుక్కున తెగి, పుస్తకం నాలుగు ముక్కలై నేల మీద పడింది.

అండాలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నకు ఏమని చెప్పాలి? సత్తమ్మ నాలుక కరుచుకుంది. మైసయ్య రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

నర్సింగమ్మ ఒక్కతే నవ్వింది. "పట్టుచీర చినిగితేనే అతుకు తెల్వకుండ కలుపుతం. గీ కాయితాలను కుట్టలేమా? నలుగురున్నరు, నాలుగు ముక్కలున్నయి. తలా ఒకటి తీస్కపోయి చదువుకోండ్రి. అన్నీ వచ్చినంక నేనే కుడ్త."

అట్లా పంపకం జరిగింది. మొదటి ముక్క అండాలుది. ఓడ, తుఫాను ఉన్న రెండోది దశరథం తీసుకున్నాడు. కృష్ణ కంటే పెద్ద నీళ్లు చూడలేదు కాబట్టి సముద్రం ఎట్లుంటుందో తెలుసుకుంటానన్నాడు. మూడోది సత్తమ్మకు, చివరిది మైసయ్యకు పోయాయి. చివరి ముక్క దొరికినందుకు మైసయ్య మీసం దువ్వుకుంటూ పోయాడు గానీ, మొదలు తెలియని కథకు చివర తెలిసి ఏం లాభమో ఆయనకు ఇల్లు చేరాక గాని అర్థం కాలేదు.

అండాలు వాకిట్లో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. వకుళ అనే పిల్ల కథ అది. రేవుపట్నంలో షావుకారు ఇంటికి కోడలిగా వస్తుంది. మొగుడు ఓడెక్కి వ్యాపారానికి పోతాడు. పోయిన దగ్గర నుంచి అత్త గౌరాంబ ఆమెను రాచి రంపాన పెడుతుంది. తలకు నూనె ఇవ్వదు. చద్దన్నం తప్ప పెట్టదు. ఒక వాన రోజున చేయని తప్పు ఆమె మీద వేసి, గుమ్మం బయటికి నెట్టి గడియ పెడుతుంది. అండాలు కళ్లు తుడుచుకుంటూ చదువుతుంటే, రాట్నం తిప్పుతున్న నర్సింగమ్మ అడిగింది.

"ఏడుస్తున్నవేందే? ఏమున్నది గండ్ల?"

అత్త ముందు కూర్చుని దుర్మార్గపు అత్త కథ చెప్పడం ఎట్లా? తన గురించే చెబుతోందని అనుకుంటే?

"ఏం లేదత్తా. వకుళ అని ఒక కోడలు. ఆమెకు గౌరాంబ అని అత్త. చాన మంచిది."

"మరి ఏడుపెందుకు?"

"అత్తాకోడళ్లు... యాదగిరిగుట్టకు మొక్కు తీర్చను పోతరు. జాతరల మంది ఎక్కువుండి కోడలు తప్పిపోతది."

"అయ్యో! చెయ్యి పట్టుకోవద్దా?" అంది నర్సింగమ్మ. ఆమెకు కూడా గుట్టకు తీర్చాల్సిన మొక్కు ఒకటి ఉంది. అందుకే ఆ మాట వెంటనే నమ్మింది. రాట్నం ఆపి, "పాపం, ఆ అత్త ఎంత తండ్లాడి ఉంటదో," అని కొంగుతో ముక్కు చీదింది.

ఆ అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కండెలు ఇచ్చిరావడానికి, నూలు అద్దకానికి వేయడానికి వాడంతా తిరిగే మనిషి నర్సింగమ్మ. సత్తమ్మ ఇంటి ముందు ఆగి, "ఏడిదాంక వచ్చింది మీ కథ?" అని అడిగేది. అక్కడ విన్నది మైసయ్యకు, మైసయ్య చెప్పింది కొడుక్కు చేరవేసేది. చదివేవాళ్లకు ఎవరి ముక్క వాళ్లకే తెలుసు. నాలుగు ముక్కలూ తెలిసిన మనిషి, అక్షరం రాని నర్సింగమ్మ ఒక్కతే. ఆమె వస్తుంటే దూరం నుంచే పీట వేసేవాళ్లు.

"వదినె, జర చెప్పు. ఈ వకుళ మగేషమేసుకొని అడివిల ఎందుకు తిరుగుతాంది?" అని సత్తమ్మ అడిగింది.

"గుట్ట జాతరల తప్పిపోయింది గద. ఒంటరి ఆడిది, మరి మగేషమెయ్యదా?"

"అత్త మంచిదంటివి. మరి అత్తను తలుచుకొని గజగజ వణికిందని రాసిండ్రు?"

"చలికి వణికి ఉంటది. అడివి గాదా!"

ఇంటికి వస్తే కొడుకు తల గోక్కుంటూ కూర్చున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సముద్రం దాకా రావడానికే అతనికి రెండు రోజులు పట్టింది. "అమ్మా, ఈ ఓడల ఉన్నోడు 'తల్లి మాట విని నా ఇల్లాలికి అన్యాయం చేసితిని' అని ఏడుస్తుండు. ఏం అన్యాయం?"

"పొలం దున్ని ఎవుసం చేసుకోక ఓడెందుకెక్కిండు? ఎక్కుమన్నది తల్లే గావచ్చు. గదే అన్యాయం," అని నర్సింగమ్మ తేల్చేసింది.

పొయ్యి దగ్గర ఉన్న అండాలు ఈ మాటలన్నీ వింటూనే ఉంది. ఒక్కో ముక్కకూ అత్త వేస్తున్న అతుకులు చూస్తుంటే ఆమెకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చేవి. నిజం చెప్పేద్దామని నోటి దాకా వచ్చేది. అంతలో అత్త "ఉప్పేసినవా?" అని గట్టిగా అడిగేది. వచ్చిన మాట లోపలికే పోయేది.

మైసయ్య దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆ రోజు నర్సింగమ్మ నూలు తీసుకుని పోయేసరికి ఆయన రంగు కాగు పక్కన కూర్చుని ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"అయిపోయింది చిన్నమ్మా. అందరు కలిసిండ్రు. గౌరాంబ కోడలి కాళ్ల మీద పడి, 'అమ్మా, నిన్ను అన్నానికి మాడ్చిన, వానల బయటికి నూకిన, నన్ను మాఫ్ చెయ్యి' అని మొత్తుకుంది. చదువుతుంటే నా పానం గిలగిల కొట్టుకున్నదనుకో. గంత మంచి అత్త ఎందుకు మొక్కిందో నాకైతే సమజ్ కాలే."

నర్సింగమ్మ తెచ్చిన నూలు అక్కడ పెట్టి, తిరిగి చూడకుండా ఇంటికి వచ్చింది.

"అండాలూ! ఆ ముక్క పట్టుకొని ఇటు రా."

ఆ గొంతుకు మగ్గం మీద ఉన్న దశరథం కూడా పోగుల నడుమ నాడె విసరడం ఆపాడు. అండాలు కాగితాలు తీసుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"కూసో. మొదటి నుంచి చదువు. రాసింది రాసినట్టు చదవాలె."

అండాలు చదివింది. నూనె ఇవ్వని చోటు వచ్చింది. చద్దన్నం వచ్చింది. ఓరకంట చూస్తే అత్త ముఖంలో ఏమీ కనబడలేదు. వాన వచ్చింది, గడియ పడింది. చదవడం అయిపోయాక అండాలు తల ఎత్తలేదు.

"గింతేనా?" అంది నర్సింగమ్మ.

"ఆఁ?"

"గౌరాంబ చేసింది గింతేనా అంట! మా అత్త ముందట ఇది ఏ మూలకు? కూరల ఉప్పెక్కువైందని కుండ తెచ్చి నా ముందటనే బోర్లించింది. మళ్ల నాతోనే ఎత్తించి, నాతోనే అలికించింది. నూనె మాట దేవుడెరుగు, దువ్వెన సుత దాచిపెడుతుండె! రాసినాయనకు మా అత్త దొరికి ఉంటే ఇంకో రెండు ముక్కల పుస్తకమయితుండె."

మగ్గం గుంటలో నుంచి దశరథం పకపకా నవ్వాడు. నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. కోడలి దిక్కు చూసి, ఆమెకు చేతనైనంత మెల్లగా అడిగింది.

"నువ్వు భయపడి కథనే మార్చినవంటే, నేను నీకు గట్ల కనబడ్తున్ననా బిడ్డా?"

అండాలు ఇక అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"నువ్వు కాదత్తా. నీ గొంతు."

నర్సింగమ్మ నవ్విన నవ్వు వాడ చివరి దాకా వినబడి ఉంటుంది. "దీన్నేం చేస్తనే! పుట్టిన కాడి నుంచి మగ్గాల చప్పుట్లనే బతికిన. గట్టిగ అనకుంటే ఎవ్వలకు వినబడ్తది? నేను తిట్టినప్పుడు నీకు తెలుస్తదిలే, గప్పుడు భయపడు."

ఆ పూట అత్తాకోడళ్లు ఒకే కంచంలో పేలాలు పోసుకుని తింటూ గౌరాంబను తిట్టుకున్నారు. గౌరాంబ అయిపోయాక నర్సింగమ్మ వాళ్ల అత్తను తిట్టారు. నడుమ నడుమ అండాలు కూడా ఒక మాట అందించింది.

యాదయ్య వచ్చేనాటికి పుస్తకం కుట్టి ఉంది. మిగిలిపోయిన పట్టుపోగుతో నర్సింగమ్మ ఎంత గట్టిగా కుట్టిందంటే, పుస్తకం సగం వరకే తెరుచుకునేది. యాదయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, చివరి పుటల దగ్గర ఆగిపోయాడు.

"ఈ ఎర్ర వేలిముద్రలేంది?"

"గక్కడనే ఏడ్చిన బావా. కండ్లు తుడుచుకొని పుట తిప్పిన, అంటింది," అన్నాడు మైసయ్య.

యాదయ్యకు కోపం రావాల్సింది. కానీ నవలకు అట్లా ఏడ్చిన మనిషిని ఏమనగలడు? అరుగు మీద కూర్చుని, ఎవరెవరు ఎందుకు చదివారో అడిగాడు. సముద్రం కోసమని దశరథం చెప్పాడు. ఇంట్లో రెండో మనిషి మాట్లాడినట్టు ఉంటుందని సత్తమ్మ చెప్పింది. ఖాళీగా ఉంటే మనసు కల్లు దుకాణం దిక్కు పోతుందని మైసయ్య నిజమే చెప్పాడు. అండాలు మాత్రం, "చదవడం మరిచిపోయిన్నేమో అనుకున్న అన్నా, మరువలే," అంది.

"నువ్వు, అత్తా?" అని యాదయ్య నర్సింగమ్మను అడిగాడు.

"నేనేడ చదివిన? విన్న. ఇంట్ల అందరు ఒక ముచ్చటల ఉంటే నేనొక్కదాన్ని బయటెందుకుంట?"

"నీకు కూడ అక్షరాలు నేర్పుతనత్తా. రోజు కొన్ని," అంది అండాలు ఆశగా.

నర్సింగమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. అక్షరాలొస్తే రాసింది రాసినట్టే చదవాలె. నాకెందుకా తిప్పలు? నువ్వు చదువు, నేను చెప్తుంట." అని యాదయ్య వైపు తిరిగి, "ఈసారి ఇంతకంటే లావుది తే కొడుకా. వాడకట్టుల ఇంకా చదివేటోళ్లున్నరు," అంది.

మర్నాడు అండాలు బిందె పట్టుకుని బావి దగ్గరికి పోయేసరికి, చుట్టూ ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని నర్సింగమ్మ వకుళ కథ చెబుతోంది. ఆ కథలో వకుళ అడివి దాటి నారాయణపేట దాకా వచ్చింది. ఒక సాలోళ్ల ఇంట్లో కండెలు చుట్టడం నేర్చుకుంటోంది. గౌరాంబ కోడలిని వెతుక్కుంటూ, ఊరూరా అడుగుతూ బయలుదేరింది. ఇదంతా ఏ ముక్కలోనూ లేదని అండాలుకు తెలుసు. బిందె కింద పెట్టి ఆమె కూడా ఒక పక్కన కూర్చుంది.

"తర్వాతేమైందత్తా?" అని అడిగింది.