నీళ్లకుండ మీది మేకు

బుడేన్ సాబ్ ఈ వయసులో ముగ్గురు మనుషులు మోసే మూటలు ఒక్కడే మోస్తున్నాడని, కదిరి దగ్గర ఎవరో హకీము ఇచ్చిన పొడి తింటున్నాడని మా పక్కింటి లక్ష్మీదేవమ్మ మా అమ్మతో చెప్పిందట. అన్నం పెడుతూ అమ్మ ఆ మాట నా చెవిన వేసింది.

“వాళ్ల పిల్లోడు శెనక్కాయ వేసేదానికి గోదాముకు పోయింటే ఆడ టీవీలో కనపడిందంట. అందరికన్నా పైన బుడేన్ సాబు పేరంట, పచ్చగా. ఆ పొడేదో మీ నాయనక్కూడా రోంత తెచ్చియ్‌రా, మోకాళ్లు పట్టుకుంటాండాయంటాడు.”

నేను నవ్వాను. ముద్ద నోటిదాకా వచ్చాక నవ్వు ఆగిపోయింది. బుడేన్ సాబ్ తుంటి విరిగిన మనిషి. ముదిగుబ్బ రోడ్డు మీది ఆ గోదాములోనే నిలువెత్తు పేర్చిన వేరుశనగ బస్తాల నెట్టు మీద కూలి, విరిగింది. అప్పటి నుంచి అతను గోదాము వాకిలి దగ్గర గోనెపట్టా పరుచుకుని, పగిలిన బస్తాలను దబ్బనంతో కుడుతూ కూర్చుంటాడు. మూట ఎత్తడం మాట దేవుడెరుగు, నీళ్లకుండ దాకా పోవాలన్నా గోడ పట్టుకోవాలి. అట్లాంటి మనిషి పేరు పైకెట్లా పోయింది?

కాలేజీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీరు ముఖ్యంగా వినాలి. ఈ కథలో దెబ్బ కొట్టింది దొర చెయ్యి ఒక్కటే కాదు. చదువుకున్న చెయ్యి. మన చెయ్యి.

నేను డిగ్రీ చదివి ఊళ్లోనే నిలిచిపోయినవాణ్ణి. హమాలీల సంఘం అర్జీలు రాసేది నేనే కాబట్టి జట్టు సంగతులు నాకు తెలుసు. మా జట్టులో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పనిలో దెబ్బ తిని కూర్చున్నవాడికి మోసేవాడితో సమానంగా భాగం ఇవ్వాలి. దాన్ని ‘కూర్చున్న పాలు’ అంటారు. ఇంకొకటి, ఎవడెన్ని మూటలు మోశాడని ఎవడూ అడగకూడదు. అడిగినవాణ్ణి ఆ పూట టీ దగ్గర కలుపుకోరు. అంత సిగ్గుమాలిన పని అది.

కిందటి కాయల కాలంలో ఆ గోదామును ఒక కంపెనీ కొన్నది. మల్లికార్జున అనే మేనేజరు వచ్చి జట్టును నిలబెట్టి చెప్పాడు. ఇకమీదట ఏ మూట ఎక్కడుంది, ఎవరు మోశారు అనేదంతా యంత్రమే చూసుకుంటుంది. లెక్క ఈ గోడల మధ్య ఉండదు, క్లౌడులో ఉంటుంది.

“అంటే యాడ సార్?”

“పైన. మబ్బులో అనుకోండి.”

కుర్ర హమాలీ నరసింహులు తల గోక్కున్నాడు. “మా ఊరికి మబ్బు వచ్చినట్లే వచ్చి ధర్మవరం పక్కకు పోతాది సార్. మా లెక్క గూడా అట్లే పోదు గదా?”

అందరూ నవ్వారు. మల్లికార్జున కూడా నవ్వాడు. ఆ రోజు అందరికీ నవ్వే వచ్చింది.

ప్రతి హమాలీ మణికట్టుకు ఒక పట్టీ. మూటతో లోపలికి పోయేటప్పుడు గుమ్మానికి బిగించిన పెట్టెకు దాన్ని చూపాలి. కీక్ మంటుంది. ఆ మూట ఆ మనిషి ఖాతాలో పడుతుంది. లోపల గోడ మీద టీవీలో పేర్లు. బాగా మోసినవాళ్లవి పచ్చగా, మోయనివాళ్లవి ఎర్రగా.

ఆ పట్టీలు కట్టి నేర్పించడానికి కంపెనీ పంపిన పిల్ల చంద్రిక. మా జట్టులో మోసే ఎర్రన్న కూతురే. అనంతపురంలో ఇంజనీరింగు చదివింది. చిన్నప్పుడు తల్లి కూలికి పోతే ఆ పిల్లను చూసుకున్నది బుడేన్ సాబ్ భార్య రంజాన్ బీ. ఇంకెవరైనా వచ్చి కడతామంటే మా వాళ్లు ఏంటికి, ఎందుకని వెయ్యి ప్రశ్నలు వేసేవాళ్లు. కట్టింది ఎర్రన్న కూతురు గనక చేతులు చాచారు. బుడేన్ సాబ్ కూడా చాచాడు. “నాకేంటికి పాపా, కుట్టేవానికి?” అంటే, “అందరికీ ఉండాల పెదనాయనా, లేకుంటే నువ్వు ఈడ లేనట్లే” అన్నది.

వారం తిరగకముందే అతని పేరు అట్టడుగున ఎర్రగా నిలిచింది. చంద్రికే వచ్చి రంజాన్ బీ ఇంట్లో టీ తాగుతూ, భయపడుతూ చెప్పింది. “ఎర్రగా ఉన్నోళ్లను తీసేస్తారంట పెద్దమ్మా.”

ఆ మాట ఎర్రన్నకు చేరింది. మరునాడు అతను జట్టుతో ఒక్కటే చెప్పాడు. “సాబన్న పట్టీ నీళ్లకుండ మీది మేకుకు తగిలిస్తాండా. నీళ్లు తాగేదానికి పోయినోళ్లు అది తీసుకుని ఒక మూటకు చూపియ్యండి. మళ్లా ఆడే తగిలియ్యండి.”

ఎన్ని మూటలు అని అతను చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు లేదు కదా. ఎవరికి వాళ్లు, పక్కవాడు మరిచిపోతాడేమో, సాబన్నకు తగ్గిపోతుందేమో అనుకున్నారు. నీళ్లకు పోయిన ప్రతివాడూ ఒకటికి రెండు వేశాడు. దాహం లేనివాడు కూడా కుండ దగ్గరకు పోయాడు. తమ పేర్లు కూడా పచ్చగా నిలవాలి కాబట్టి టీ మానుకున్నారు, బీడీ మానుకున్నారు, నడిచే చోట పరుగెత్తారు. నడుములకు గుడ్డలు బిగించుకుని మోశారు. అట్లా వాకిట్లో కూర్చుని గోనెలు కుట్టే మనిషి అందరి నెత్తిమీదికి ఎక్కాడు. ఊరేమో హకీము పొడి అన్నది.

టీవీలో ఆ పేరు చూసి చంద్రిక కూడా నవ్విందట. రాత్రి అన్నాల దగ్గర, “ఎట్ల చేసినారు నాయనా?” అని ముద్దుగా అడిగింది. ఎర్రన్న మీసం తడుముకుంటూ అంతా చెప్పాడు. మేకు, కుండ, ఒకటికి రెండు. చెప్పకూడదని ఎందుకనిపిస్తుంది? కూతురికి తండ్రి చెప్పుకున్న మాట అది.

కాయల కాలం ముగిసే వేళ కంపెనీ గోదాము వాకిట్లో సభ పెట్టింది. షామియానా వేశారు. హమాలీలకు కుర్చీలు వేశారు. బెంగుళూరు నుంచి పెద్ద సారు వచ్చాడు. మా వాళ్లు ఉతికిన చొక్కాలు తొడుక్కుని, లడ్డూ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. రంజాన్ బీ కూడా వచ్చింది, తాను పెంచిన పిల్ల మైకులో మాట్లాడుతుందని.

తెర మీద అక్షరాలు వెలిగాయి: ‘ఈ పద్ధతి పెట్టడంలో మేము నేర్చుకున్న పాఠాలు.’

చంద్రిక మైకును రెండు చేతులా పట్టుకుంది. మొదటి పాఠం, నెట్‌వర్కు పోతే పని ఆగిపోతోంది, ఇంకో లైను వేశాం. తర్వాతి పాఠం, కాయల దుమ్ముకు బస్తాల మీది చీటీలు ఊడిపోతున్నాయి, బంక మార్చాం. చప్పట్లు. బుడేన్ సాబ్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. మూడో పాఠానికి తెర మీద ఒక ఫొటో పడింది.

నీళ్లకుండ. పైన మేకు. మేకుకు పట్టీ.

చంద్రిక తల ఎత్తకుండా చదివింది. “ఒకరి పట్టీని ఇంకొకరు వాడుతాండారు. వచ్చే నెల నుంచి పట్టీ బదులు ముఖం చూపించాల.”

పెద్ద సారు లేచి మైకు అందుకున్నాడు. కోపం లేదు, మెత్తగానే మాట్లాడాడు. “చూడండి, ఇందులో మాకు సంతోషించే విషయం ఒకటుంది. ఒక మనిషి కోసం మీరు ఇన్ని మూటలు అదనంగా మోయగలిగారంటే, ఆ బలం ఇన్నాళ్లూ దాచుకున్నారన్నమాట. వచ్చే నెల నుంచి అందరికీ అదే పని. ఎవరి లెక్క వాళ్లదే. మోయలేనివాళ్లకు ఇక్కడ చోటు లేదు.”

ఎవరి చేతిలో లడ్డూ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. తినలేరు, పారేయలేరు. మేము ప్రేమతో మోసినది మా మెడకే కట్టారు. ఇంటిమనిషని చెప్పుకున్న మాటను తెర మీద ఆరేశారు.

కుర్చీలు తీసేశాక జట్టు కాటా నీడలో కూడింది. మొదట నోరు తెరిచింది నరసింహులు.

“అన్నా, కోపం చేసుకోవద్దు. నాకు ఇద్దరు పిల్లోళ్లు. సాబన్నను ఇంటికి పంపిద్దాం. పండక్కో పబ్బానికో మనమే చూసుకుందాం. ఆయప్పొక్కని కోసం అందరం పోవాల్నా?”

“వాడు చెప్పేది నిజమేనప్పా,” అన్నాడు బుడేన్ సాబ్ దబ్బనం మొలలో దోపుకుంటూ. “నా పాలు నేనే వదులుకుంటాండా. మీరు లోపలికి పోండి.”

“వదులుకునేదానికి అది నీ సొత్తు కాదు సాబన్నా,” అన్నాడు ఎర్రన్న. “కూర్చునేవానిది. నీకు ముందర ఆ గోనెపట్టా మీద ఎవురు కూర్చున్నారు? ఏమిరా నరసింహులూ, చెప్పు.”

నరసింహులు కాలి బొటనవేలితో మట్టి గీశాడు.

“మీ నాయన గంగాధరప్ప. మీ నాయన నడుము పోయి కూర్చున్నప్పుడు నువ్వు తిన్న అన్నం ఏ పాలురా? రేపు నీ నడుముకు ఆ మబ్బులోనోళ్లు జామీను ఉంటామన్నారా?”

నరసింహులు లేచాడు. పళ్లతో కొరికి పట్టీ తెంపుకున్నాడు. పోయి నీళ్లకుండ మీది మేకుకు తగిలించాడు. తిరిగి వచ్చి బుడేన్ సాబ్ పక్కన నేల మీద కూర్చున్నాడు. అతని వెనక ఒక్కొక్కరే లేచారు. కాసేపటికి ఆ మేకు కనిపించకుండా పోయింది.

మరునాడు పొద్దున గేటు ముందర ట్రాక్టర్లు నిలిచాయి. రైతులు మా మీదే అరిచారు. “మీకూ మీకూ తగాదా ఉంటే మా కాయ యాడ పోసుకోవాలప్పా?”

“మీ కాయ దించేదానికి మేం ఇప్పుడే సిద్ధం,” అన్నాడు ఎర్రన్న. “గేటు తీయమని ఆ సారును అడగండి.”

అడిగారు. మల్లికార్జున తీయనన్నాడు. పట్టీ చూపకుండా లోపలికి పోయిన మూటను యంత్రం ఒప్పుకోదట. మనుషులు ఉన్నారు, మూటలు ఉన్నాయి, గోదాములో చోటూ ఉంది. అయినా కాయ దిగదు. రైతులకు కూడా అప్పుడు అర్థమైంది. ఒక ముసలాయన ట్రాక్టరు దిగి, తువ్వాలు దులుపుకుని, మా వరసలో వచ్చి కూర్చున్నాడు. “ఇంగ వీళ్లు కాయను గూడా మొగం చూపియ్యమంటారు,” అన్నాడు.

ఎండ ఎక్కాక పోలీసు జీపు వచ్చింది. యంత్రాన్ని మోసం చేశారని కంపెనీ కేసు పెట్టింది. సాక్ష్యం? ఆ ఫొటోనే.

“ఈ పట్టీ ఆలోచన ఎవరిది?” అన్నాడు ఎస్సై.

“నాది,” అని ఎర్రన్న లేచాడు. జట్టంతా లేచి జీపుకు అడ్డం నిలబడింది. పట్టీ వాడింది మేమందరం, ఎక్కిస్తే అందరినీ ఎక్కించమన్నారు. ఎస్సై లాఠీ చేత పట్టుకుని, ఆ గుంపు వంక, ఆ చిన్న జీపు వంక చూసుకున్నాడు. లారీ తెమ్మని ఫోను చేశాడు.

అంతలో చంద్రిక ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చింది. తండ్రి చొక్కా పట్టుకుంది. “నాయనా, నేను రిపోర్టులో ఎవురి పేరూ రాయలేదు. జట్టునంతా ఒకే లెక్కగా చూడండి, కూర్చున్నోళ్లను తీసేయొద్దండి అని గూడా రాసినా. పైనోళ్లు ఆ ముక్క తీసేసినారు. నన్ను గూడా మోసం చేసినారు నాయనా.”

ఎర్రన్న కూతురి చేతిని చొక్కా మీది నుంచి తప్పించాడు. చంద్రిక చుట్టూ చూసింది. తాను చేతులకు పట్టీలు కట్టిన మనుషులే అందరూ. చివరికి రంజాన్ బీ వైపు తిరిగింది.

“నువ్వన్నా నమ్ము పెద్దమ్మా. ఆ ముక్క తీసేస్తే నేనేం చేసేది?”

రంజాన్ బీ భర్తను రెక్క పట్టుకుని లేపుతోంది, లారీ ఎక్కించడానికి. ఆ పని ఆపకుండానే అన్నది:

“మైకు నీ చేతిలోనే ఉండె గదమ్మా.”