జ్వరం వచ్చి పోయిన పిల్ల

ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, తిందామంటే ఎదురుగా ఆ ఐసీయూ గాజు తలుపు, కోడలు లోపల చావుబతుకుల్లో ఉంటే శాంతమ్మ బయట కూర్చుని ఇడ్లీ తింటోందని చర్చి సంఘమంతా చెప్పుకుంటారు, వాళ్లకేం, పొద్దున్నుంచి ఈ ఇనప కుర్చీలో నడుం పట్టేసింది నాకు, రోనాల్డు ప్లేట్‌లెట్ల కోసం విశాఖపట్నం వెళ్లాడు, నా కొడుకు వాటితో తిరిగి వచ్చేదాకా షెకీనా ఊపిరి నిలబడాలి, నిలబెట్టు ప్రభువా, చిన్న పిల్ల, పైగా వంట బాగా చేస్తుంది, పోతే మళ్లీ ఇంకొకదాన్ని వెతికి, దానికి మా ఇంటి పద్ధతులు నేర్పి, అబ్బ, ఆ ఓపిక ఇంక నాకు లేదు, ఇదేం ఆలోచన ఇప్పుడు, వస్తే రానీ, లోపల అనుకున్నది ఎవరు విన్నారు గనక.

అసలు ఈ పిల్లకి డెంగీ ఒకసారి వచ్చి పోయింది కదా, పెళ్లయిన కొత్తలో, ఒళ్లంతా ఎర్రగా పేలింది, వారం తిరక్కుండా లేచి కూర్చుంది, ఆదివారం నేనే చర్చికి వెంటబెట్టుకెళ్లి సాక్ష్యం చెప్పించాను, ప్రభువు నన్ను ముట్టేడు, ఇంక ఈ జొరం నా జోలికి రాదు అని మైకులో చెప్పింది, ఆ చివరి ముక్క నేను నేర్పిందే, అందరూ స్తోత్రం అన్నారు, ఈ ఏడు వానలకి మా గవరపాలెంలో ఇంటికొకరు పడిపోతుంటే ఆ ముక్కే పనికొచ్చింది, కృపానిధి మాస్టారికి జ్వరం, మీ కోడల్ని పంపండమ్మా, ఎదురింటి బుల్లమ్మ మనవడికి జ్వరం, మీ కోడల్నోపాలి పంపండమ్మా, ఆవిడకైతే మరి రాదు గదా, పంపేదాన్ని, పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంత మంచి మనసు శాంతమ్మగారూ మీది అంటే ఒళ్లు పులకరించేది, వాంతులు ఎత్తింది ఆ పిల్ల, పేరు నాది.

ఆఖరికి మా సిరికే వచ్చింది, కన్నకూతురు, దాని పక్కన కూర్చోవలసింది తల్లి, కాదని ఎవరన్నారు, కానీ నాకు ఇంతవరకు ఒక్కసారీ రాలేదే, వస్తే ఏమైపోతానో అని భయం, ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరా నా మంచానికే కట్టించుకున్నాను, పగలు కూడా అందులోనే కూర్చుని బైబిలు చదువుకున్నాను, షెకీనా తడిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది, అత్తయ్యా, నిజంగా నాకు మళ్లీ రాదంటారా, ఏటే, మైకులో సాక్ష్యం సెప్పినప్పుడు లేని అనుమానం ఇప్పుడొచ్చిందా, దేవుడి ముందర అబద్దమాడేవా ఏటి, మొహం మాడ్చుకుని సిరి గదిలోకి పోయింది, ఆ మాడిన మొహం చూస్తే నాకు హాయిగా అనిపించింది, నిజమే, హాయిగానే అనిపించింది, సిరి లేచింది, ఆ వెంటనే ఇది పడింది, చిగుళ్ల నుంచి రక్తం.

తలుపు తెరుచుకుంది, డాక్టర్ త్రినాధరావు, ఏమ్మా, ఈ అమ్మాయికి ఇదివరకు డెంగీ వచ్చిందా, వచ్చిందండి, మీరే కదండీ చూసేరు, అందుకే ధైర్యంగా జొరాలోళ్ల దగ్గరికి పంపేను, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, ఇది ఒక్కటి కాదమ్మా, నాలుగు రకాలు, ఒక తల్లి పిల్లల్లాగ పోలికలుంటాయి గాని దేని జన్యువులు దానివే, ఒక రకం వచ్చి తగ్గితే ఒంట్లో దానికి కాపలా తయారవుతుంది, ఇంకో రకం వచ్చిందనుకోండి, ఆ కాపలా పోలిక చూసి పాతదే అనుకుని పట్టుకుంటుంది, పట్టుకుంటుంది గాని చంపలేదు, తిన్నగా కణాల్లోకి మోసుకుపోతుంది, అందుకే రెండోసారి వచ్చినవాళ్లలో కొందరికి ఇలా ముదిరిపోతుంది, వింటుంటే నాకు ఒళ్లు మండింది, ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా, బొప్పాయి పెట్టమని చెప్పి పంపేశాడు, అంతలోనే సిరి గుర్తొచ్చింది, మరి మా అమ్మాయికండీ, ఆ అమ్మాయికీ అంతేనమ్మా, దోమ కుట్టకుండా చూసుకోండి, ఈ దోమ పగలే కుడుతుంది, జ్వరమున్నవాళ్లని కుట్టి పక్కనున్నవాళ్లకి అంటిస్తుంది, అసలెప్పుడూ రానివాళ్లు రోగుల దగ్గర కూర్చుని ఉంటే కొంత నయం, మొదటిసారి చాలామంది తట్టుకుంటారు, మీ ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరా, ఎవరూ లేరని తల అడ్డంగా ఊపాను.

నర్సు పిలిచింది, డాక్టరు పరుగెత్తినట్టే లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది, గాజులోంచి అన్నీ వీపులే కనబడుతున్నాయి, ఒకరు ఛాతీ మీద నొక్కుతున్నారు, తరవాత నొక్కడం మానేశారు, నర్సు దుప్పటి పైకి లాగింది, మొహం మీదికి, చేతిలో సెల్లు మోగింది, అమ్మా, దొరికేయమ్మా, లంకెలపాలెం దాటేను, ఎలాగుంది, బాగానే ఉంది నాయనా, నిదానంగా రా.

ఏడుపు రాలేదు, ముందు మాట వెతుక్కున్నాను, దొరికింది, తెలీక పంపేను, సంఘంలో ఇదే చెప్పాలి, దాని తల్లి వస్తే ఇదే, రోనాల్డు వస్తే వాడి మెడ పట్టుకుని తెలిసుంటే పంపుదునా నాయనా అని గుండెలు బాదుకోవాలి, నమ్ముతారు, డాక్టరే సాక్షి, పైగా తెలీకపోవడం నిజమే కదా, నిజమే, చెయ్యి గుండె దాకా లేచింది, అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు, ఈ డాక్టరు మొన్ననే మా ఇంటికి వచ్చి, మీ అమ్మాయి పక్కన మీరు కూర్చోండి శాంతమ్మగారూ, మీరయితే తట్టుకుంటారు, మీ కోడలికయితే ప్రాణం మీదికొస్తుంది అని వివరంగా, నెమ్మదిగా చెప్పి ఉంటే, నేను సరేనండీ అనేదాన్ని, ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపేదాన్ని, వెనక్కి వచ్చి కాసేపు ఆలోచించుకుని, ఆ పిల్లనే పంపేదాన్ని.