గాలి మిషనూ నేనూ

నేను ఒక కొబ్బరి ఈనెల చీపురుని. విశాఖపట్నంలో ఓ చిన్న కాలనీ పార్కులో ఆకులు ఊడ్చడం నా ఉద్యోగం. నన్ను కట్టింది సన్యాసమ్మ. మట్టలు తెచ్చి, ఈనెలు చీరి, నడుం వంచక్కర్లేకుండా పొడుగాటి వెదురు కర్రకు బిగించింది. మనుషులు నన్ను లక్ష్మి అంటారు. కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. ఆ తర్వాత తీసుకెళ్లి మరుగుదొడ్డి వెనకాల పడేస్తారు.

సన్యాసమ్మ దారిలో పడుకున్న కుక్కను లేపదు, చుట్టూ ఊడ్చేస్తుంది. అది లేచి వెళ్లాక దాని కిందున్న ఆకులు అచ్చం కుక్కలాగే మిగులుతాయి.

ఈ వేసవిలో కాలనీ కార్యదర్శి పట్టాభిరామయ్య గారు ఆకులు ఊదే మిషను కొన్నారు.

"ఇది పనిచేస్తే రేపట్నుంచి నన్ను రావద్దంటారా బాబూ?" అంది సన్యాసమ్మ.

"చూద్దాం. పది నిమిషాల్లో తేలిపోతుంది," అన్నారాయన, మిషను భుజానికి తగిలించుకుంటూ.

సన్యాసమ్మ నా కర్రను గట్టిగా పట్టుకుంది.

మిషను గర్జించింది. బాదం ఆకులన్నీ లేచి పరుగెత్తాయి. నాకు గంట పట్టే పని చిటికెలో అయింది. నడకకు వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆకులు ఎటు వెళ్లాయని ఎవరూ అడగలేదు.

అవి గేటు పక్కకి, ఎండ బాగా తగిలే చోటికి వెళ్లాయి. అక్కడ పాత పంచె పరిచి, కార్యదర్శి గారి భార్య విశాలాక్షమ్మ గారు అప్పుడే గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నారు. పచ్చి పిండి. ప్రతి వడియమూ ఒక్కో ఆకుని జెండాలా ఎత్తి పట్టుకుంది.

ఆవిడ అరవలేదు. "ఏమండీ, అది దించి ఇలా వచ్చి కూర్చోండి. సన్యాసమ్మ మూడేళ్లుగా ఈ వడియాల పక్కనే ఊడుస్తోంది. ఒక్క నలుసు పడలేదు."

"గాలి ఇటు తిరిగింది విశాలా."

"గాలి మీ చేతిలోనే ఉంది కదా. ఏరండి."

ఆయన గొంతుక్కూర్చుని ఏరసాగారు.

"రేపు నన్ను రమ్మంటారా బాబూ?" అంది సన్యాసమ్మ.

ఆయన వేళ్లకు అంటిన పిండి చూసుకున్నారు. "రోజూ వచ్చే వేళకే రా."

నా కర్ర మీద పట్టు సడలింది. ఆయన ఏరి పడేసిన ఆకులు ఊడ్చుకుంటూ మేమిద్దరం ఆయన దాకా వెళ్లాం.

"కాస్త జరగండి బాబూ," అంది సన్యాసమ్మ.

పట్టాభిరామయ్య గారు చేతిలో వడియం పట్టుకునే, బుద్ధిగా పక్కకి జరిగారు.