కోటాచారి కొట్టులో మొదటి కొళాయి

నేను ఒక ఇత్తడి కొళాయిని. ఆ మాత్రానికే మొహం చిట్లించకండి. కాకినాడలో నాలుగు తరాలుగా నడుస్తున్న గొట్టాల కొట్టులో, అద్దాల బీరువాలో, పట్టుగుడ్డ మీద కూర్చున్నదాన్ని. వచ్చినవాళ్ళకల్లా మునిమనవడు మోక్షలింగం నన్ను చూపించి, "మా ముత్తాత చేతి పనండి" అంటాడు. అది సగమే నిజం. మిగతా సగం నన్ను చెప్పనివ్వండి.

విక్టోరియా రాణి ఏలుబడిలో లక్కోజు కోటాచారి చెంబులూ గంగాళాలూ పోతపోసే కంచరి. దొరల బంగళాలో కొళాయి కారుతోందని పిలిపిస్తే వెళ్ళి, దాన్ని విప్పి చూసి, ఇంటికొచ్చి అచ్చం అలాంటిదే పోతపోశాడు. అదే నేను. బంగళా కొళాయికి ఎవడో సుత్తితో కొట్టిన సొట్ట ఉంటే, అదీ పనితనమే అనుకుని నాకూ పెట్టాడు. దాని గొంతులో నీళ్ళను ఆపే తోలుబిళ్ళ ఉంటే, అదీ పెట్టాడు. అక్కడితో ఆగక ఏకంగా కొట్టే తెరిచాడు. చూసి రమ్మంటే కాల్చి రావడమంటే ఇదే. కొలిమితిత్తి ఊదేదీ, తోలుబిళ్ళలు గుండ్రంగా కోసేదీ ఆయన భార్య గవరమ్మ.

కొట్టయితే పెట్టారు గానీ కొనేవాడేడీ? దొరలు తమ కొళాయిలు ఓడల మీద తెప్పించుకునేవారు. ఊళ్ళోవాళ్ళేమో ప్లీడరు జోగయ్యపంతులుగారి తల్లి సోమిదేవమ్మగారి వైపు చూస్తూ కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, మడీ ఆచారం గట్టిగా పట్టినావిడ. కొళాయి నీళ్ళు ఆవిడ తాగితే వీధంతా తాగుతుంది. కాదంటే కోటాచారి పొయ్యిలో పిల్లి లేవదు. పంతులుగారు మేడ మీద తొట్టి కట్టించి, నన్ను పెరట్లో బిగించుకున్నారు.

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఇందులో తోలేమైనా ఉందా, అబ్బాయ్?"

"లేదండమ్మగారూ," అన్నాడు కోటాచారి.

నా ఎదుటే అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా ఇంట్లో ముగ్గురు పిల్లలు పస్తున్నవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ దోసిలి పట్టి తాగి, "చేద లాగలేక చస్తున్నానురా నాయనా, బతికించావు," అంది. ఏడాది తిరిగేసరికి నలభై ఇళ్ళలో నా తమ్ముళ్ళు బిగిశారు.

కొట్టు నిలబడింది. నిలబడనిది గవరమ్మ మనసే. పెద్దావిడ ఆమెను చూసినప్పుడల్లా దీవించి, పెరట్లో కాసిన దబ్బకాయో రెండు అరటిపళ్ళో ఇచ్చి పంపేది. గవరమ్మ వాటిని నోట పెట్టలేకపోయేది.

"ఆవిడ మనల్ని నమ్మి తాగుతోందయ్యా. నాకు అన్నం సయించట్లేదు."

"ఆ మాట గానీ బయటికొచ్చిందా, మళ్ళీ సంత సంతకీ తిరిగి చిల్లు బిందెలకి మాట్లేసుకోవాలి. ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. కొబ్బరిపీచు పెట్టి చూసింది, గుడ్డ పెట్టి చూసింది, చెక్క పెట్టి చూసింది. అన్నీ కారాయి. ఆరు నెలలకు ఏదో ఒకటి నీళ్ళకు నిలిచింది. ఆ రోజే పెరట్లోకొచ్చి, దూరంగా నిలబడి, మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసింది. "తోలుందమ్మగారూ. కోసింది నేనే."

పెద్దావిడ అరుగు మీద కూలబడింది. అక్కణ్ణించే అడిగింది.

"ఎన్నిళ్ళలో?"

"నలభై అండి. అన్నీ మార్చడానికి నెల్లాళ్ళు పడుతుందండి."

"మరమ్మతని చెప్పి మార్చండి. నాది ఆఖర్న. ముందు నాదే విప్పితే వీధి వీధంతా ఎందుకని అడుగుతుంది."

కోటాచారి తల ఎత్తకుండా ఇల్లిల్లూ తిరిగాడు. ఆ నెల్లాళ్ళూ పెద్దావిడ ఏం చేసిందో చూసినదాన్ని నేనొక్కదాన్నే. బావి దగ్గరికి వెళితే అనుమానం వస్తుందని, రోజూ అందరూ చూస్తుండగా నా దగ్గరే చెంబు నింపుకునేది. గోడ చాటుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పోసేది. పాలతో, కొబ్బరినీళ్ళతో గడిపి, కొడుకు అడిగితే నోము అంది. పక్కింటి కోడలు గోడ మీంచి, "నీళ్ళెలా ఉన్నాయి, అత్తయ్యగారూ?" అంటే, "అమృతమే తల్లీ," అంది. నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధాలు ఆ రెండే. నెల తిరిగేసరికి మనిషి చిక్కి సగమైంది.

ముప్ఫయ్యో రోజున గవరమ్మ వచ్చి నా గొంతులో తోలు తీసి, కొత్త బిళ్ళ బిగించింది.

"ఇదేమిటే?" అంది పెద్దావిడ.

"బెండు బిరడా అండి. కోసి పెట్టాను."

"ఎక్కడిది?"

గవరమ్మ ఇక అబద్ధమాడనని ఒట్టు పెట్టుకుని ఉంది మరి.

"బంగళా బట్లరు ఇచ్చాడండి. బ్రాందీ సీసాలదండి."

పెద్దావిడ నన్ను తానే తిప్పింది.

"తోలైతే కాదుగా," అని దోసిలి పట్టింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు నా నీళ్ళే తాగింది. ఆఖరి రోజుల్లో మంచం పెరటి వసారాలో వేయించుకుంది. గడియలు దగ్గరపడ్డాయని పంతులుగారు కాశీ నుంచి తెచ్చి దాచిన గంగచెంబు మూత ఊడదీయబోతే, ఆవిడ తల అడ్డంగా ఊపి, నా వైపు చెయ్యి చూపించింది. ఎవరూ కదల్లేదు. పెరటి మెట్టు మీద కూర్చున్న గవరమ్మే లేచి, నన్ను తిప్పి, ఆ నీళ్ళలో తులసాకు వేసింది. పంతులుగారు పక్కకి జరిగి ఆమెకు చోటిచ్చారు.