వంతెన కూలిన కేసులో కత్తి సాక్ష్యం

నేను ఒక కత్తిని. ఈ ఉదయం నా పిడి మీదికి నెత్తురు కారుతోంది. అది నన్ను పట్టుకున్న మనిషిదే. ఆయన లియోనెల్లో, ఇటలీ ప్రభుత్వంలో ప్రజా పనుల మంత్రి.

ఎదురుగా కాంట్రాక్టర్ బార్డెల్లి రొప్పుతున్నాడు. ఇద్దరూ పార్లమెంటు సభ్యులే. రోము బయట ద్రాక్షతోటలో కోట్లు విప్పి పొడుచుకుంటున్నారు. దీన్నే వాళ్లు మర్యాద అంటారు.

మిలాన్‌లో ఒక కమ్మరి నన్ను చేసి వాల్‌గ్రేజా జమీందార్లకు అమ్మాడు. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ నాతోనే కత్తిసాము నేర్చుకున్నారు. పెద్దవాడు ఒత్తావియోకు భూములు, సున్నపు బట్టీ, బిరుదు దక్కాయి. చిన్నవాడు లియోనెల్లో, ఇంట్లోవాళ్లకు లెల్లో, రాజుల పెత్తనం పోవాలన్నాడు, జైలుకెళ్లాడు, పరదేశంలో పాఠాలు చెప్పుకుని బతికాడు. తండ్రి అతని చిత్రపటాన్ని గోడవైపు తిప్పించాడు. తమ్ముడు మంత్రి కాగానే అన్నగారు దాన్ని మళ్లీ ఇటు తిప్పించాడు. మనుషుల అభిమానం ఒక మేకు మీద సులువుగా తిరుగుతుంది.

ఇంతలో కొత్త వంతెన కూలి కూలీలు చచ్చిపోయారు. తాపీమేస్త్రీ తోనియోను జైల్లో వేశారు. ఇవాళ మధ్యాహ్నమే తీర్పు. నిన్న సభలో మంత్రి లేచి, "మేస్త్రీ తప్పు లేదు. సున్నంలో మట్టి కలిపారు. ఎవరో నాకు తెలుసు," అన్నాడు. పేరు మాత్రం చెప్పకుండానే కూర్చున్నాడు. ఆ పేరు తనదే అనుకుని, వంతెన కట్టించిన బార్డెల్లి కత్తియుద్ధానికి సవాలు విసిరాడు.

వాళ్ల ఆచారంలో రక్తం చూశాక చేతులు కలపాలి. ఆ తర్వాత ఆ గొడవ ఎవరూ ఎత్తకూడదు.

డాక్టరు గాయం చూశాడు. "ఇది చాలండి. కోటు వేసుకుంటే కనపడదు కూడా."

తమ్ముడి తరఫున సాక్షిగా వచ్చిన ఒత్తావియో హాయిగా నవ్వాడు. "అయిపోయింది లెల్లో, చెయ్యి కలిపెయ్. ఇక ఆ ఊసెత్తితే మన వంశానికే తలవంపులు."

"మరి మేస్త్రీ సంగతి, అన్నయ్యా?"

"వాడి పిల్లల్ని నేను చూసుకుంటాలే."

బార్డెల్లి చాచిన చేతిని మంత్రి అందుకోలేదు. నన్ను గడ్డిలో పడేశాడు.

"బార్డెల్లిగారూ, నేనన్నది మిమ్మల్ని కాదు. కూలిన వంతెన గచ్చు నలిపి చూశాను, మా కొండ ఎర్రమట్టి రాలింది. మీకు అమ్మిన సున్నం మా బట్టీది."

"నోర్ముయ్ లెల్లో," అన్నగారు అరిచాడు. "నీ పదవి పోతుంది."

"పోనీ. ఇటునుంచి ఇటే కోర్టుకు వెళుతున్నా. ముందు మీరంతా వినండి. ఆ మట్టి కలిపించింది మా అన్న, ఒత్తావియో దెల్లా వాల్‌గ్రేజా."