వీపు తొలవని దేవత

అద్దాల పెట్టెలోని చెక్క దేవతను చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిది వందల ఏళ్ల నాటిదని పలక మీద రాసి ఉంది. ఎడమ చెవి వెనక ఉలి జారిన గాటు మాత్రం నాది. కిందటేడాదే చెక్కాను.

"ఏంట్రా, దయ్యాన్ని చూసినట్టు ఆ మొహం?" అక్క నవ్వింది. ఈ మ్యూజియంలో కాపలా ఉద్యోగం ఆమెది. "పదేళ్లుగా రమ్మంటుంటే ఇవాళ తీరిందా దొరగారికి?"

ఒక్కసారి ముందే వచ్చి ఉంటే ఆ పని ఒప్పుకునేవాణ్ణే కాదు.

"అక్కా, ఈ పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరొకటి, డైరెక్టరు గారి బీరువాలో ఒకటి. పక్కకి జరుగు, తనిఖీకొస్తున్నారు."

తనిఖీ అధికారిణి, ఇద్దరు కూలీలు, వాళ్ల వెనక డైరెక్టరు. ఆయన్ని చూసి ఆగిపోయాను. "మా తాతల బొమ్మ. అన్నదమ్ములం పంచుకుంటున్నాం, ఇంకోటి చెయ్యి" అని నన్ను ఇంటికి పిలిచిన మనిషే. నన్ను చూసి ఆయనా ఆగిపోయాడు.

అక్క పెట్టె తెరిచింది. కూలీ బొమ్మను ఎత్తలేక తన నడుం పట్టుకున్నాడు. "ఇదేంటండీ! పోయినసారి ఒక్కణ్ణే ఎత్తా."

పాతకాలం పనివాళ్లు చెక్క పగలకుండా వీపు తొలిచేవాళ్లు, బొమ్మ తేలికయ్యేది. నేనూ తొలుస్తానన్నాను. "గోడకి ఆనిస్తాం, ఎవరు చూస్తారు?" అన్నాడు డైరెక్టరు.

అధికారిణి బొమ్మ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. ఆమె మొహం మారింది. "వీపు తొలిచి లేదు. ఇది నకిలీ. తాళం ఎవరిది?"

"ఆవిడదే," డైరెక్టరు తడుముకోలేదు. "పోలీసుల్ని పిలవండి."

అక్క తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. డైరెక్టరు నా వైపే చూస్తున్నాడు. నోరు విప్పితే నువ్వూ లోపలికే అంటున్నాయి ఆ కళ్లు.

"చెక్కింది నేను," అన్నాను. "చెక్కించింది ఆయన."

"నోర్ముయ్‌రా!" అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఎవడీ పిచ్చోడు?" డైరెక్టరు నవ్వబోయాడు.

"అసలుది ఆయనింట్లోనే ఉందండీ. మూడు రోజులు అక్కడే కూర్చుని కొలతలు తీసుకున్నా. మేడ మీద, కిటికీ లేని గది."

డైరెక్టరు తలుపు వైపు అడుగేశాడు. ఇద్దరు కూలీలూ అడ్డం నిలబడ్డారు.

అధికారిణి ఫోన్ తీసింది. "ఆ గది చూపిస్తావా?"

"చూపిస్తా."

"నిన్నూ వదలరు. తెలుసా?"

"తెలుసండీ."

"నేనూ వస్తా," అంది అక్క. పట్టుకున్న నా చెయ్యి వదల్లేదు.