బతికిన విన్చుకాలు

ఇళ్ళకు పురుగుల మందు కొట్టే కసిమిరో వస్తున్నాడని తెలిస్తే దక్షిణ అమెరికాలోని చాకో పల్లెల్లో ఆడవాళ్ళు ముందుగా ఇల్లు ఊడుస్తారు. మట్టిగోడల పగుళ్ళలో, మంచాల వెనక దొరికిన విన్చుకాలను ఏరి పొయ్యిలో వేస్తారు. నిద్రలో నెత్తురు తాగి, ఏళ్ళు గడిచాక గుండెను పాడుచేసే జబ్బు అంటించే పురుగులవి. అక్కడి ఒక పల్లెలో ముసలామె దొమితిలా భర్త ఆ జబ్బుతోనే పోయాడు. అయినా అవి ఇంట్లో ఉన్నాయని ఒప్పుకోవడం ఆమెకు నామోషీ.

ఈసారి కసిమిరో వెంట నోర్మా అనే పరిశోధకురాలు వచ్చింది. ముంగిట్లో మాతే ఆకు కషాయం తాగుతున్న దొమితిలా అతణ్ణి చూడగానే అందుకుంది.

"వచ్చావట్రా? మందు అమ్ముకుని మా గోడలకు నీళ్ళు కొట్టిపోవడానికేనా?"

"తేడా మందులో ఉందో, పురుగే మొండికెత్తిందో తేల్చడానికే వచ్చానమ్మా," అంది నోర్మా. "మీ ఇంట్లో బతికున్న పురుగులు కొన్ని ఇవ్వండి."

"మా ఇంట్లోనా? ఒక్కటంటే ఒక్కటి లేదు!"

కసిమిరో నవ్వాడు. "పురుగులే లేకపోతే నేను కొట్టింది నీళ్ళని నీకెలా తెలిసింది పెద్దమ్మా?"

దొమితిలా ముఖం మాడిపోయింది. లోపల గోడ పక్కన చిన్నారి మనవరాలు రొసాల్బా పడుకుని ఉంది. పాపకు ఒక కన్ను వాచింది. విన్చుకా కుట్టి జబ్బు అంటితే ఆ వాపు వస్తుందని ముసలామెకు తెలుసు. భయం వేసింది. మంచం జరిపి, వెనక పగుళ్ళలో ఉన్న పురుగుల్ని చూపించింది.

ఆరోగ్య కేంద్రంలో నోర్మా ఒక్కో పురుగు వీపు మీద కసిమిరో వాడే మందే చుక్క వేసింది. ప్రయోగశాలలో పెంచి తెచ్చినవి చచ్చాయి. దొమితిలా ఇంటివి మర్నాడు కూడా పాకుతూనే ఉన్నాయి. మందు మంచిదే, దాన్ని తట్టుకునే పురుగులు పుట్టుకొచ్చాయి. ప్రతి ఇంటివాళ్ళూ పురుగులు లేవని చెప్పడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. రొసాల్బా నెత్తురులో జబ్బు బయటపడింది. తొలిదశే కాబట్టి నయం కావచ్చని చికిత్స మొదలుపెట్టారు.

వేరే రకం మందు కొట్టే ముందు బడి దగ్గర జనం కూడారు. దొమితిలా లేచి నిలబడింది.

"వీణ్ణి దొంగన్నాను. దొంగపని చేసింది నేను. వీడొచ్చే ముందే పురుగుల్ని కాల్చేసి ఇల్లు శుభ్రమని చెప్పుకున్నాను. నా పరువు దక్కింది, నా మనవరాలికి జబ్బొచ్చింది. మందు కొట్టాక కూడా పురుగు బతికుంటే సిగ్గుపడి చంపకండి. చేత్తో ముట్టకుండా డబ్బాలో పట్టి వీళ్ళకివ్వండి. మనం దాచిన పురుగు కుట్టేది మన పిల్లల్నే."